పంది వాల్వ్ పన్నెండేళ్లుగా పనిచేస్తోంది, మరి పంది కిడ్నీకి ఎందుకింత గొడవ?

పాత_రేడియో:
అందరికీ నమస్కారం. నా బయాలజీ పదో తరగతితోనే ఆగిపోయింది, ప్రశ్న తెలివితక్కువగా ఉంటే తిట్టకండి. మా నాన్నగారి గుండెలో పంది వాల్వ్ వేసి పన్నెండేళ్లయింది. ఇన్నేళ్లలో రిజెక్షన్ (పరాయి అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టడం) రాకుండా ఉండేందుకని ఒక్క గోలీ కూడా వేసుకోలేదు, రోజూ ఒక ఆస్పిరిన్ తప్ప. రాత్రి నిద్రపట్టక ఏదో చదువుతుంటే, అమెరికాలో టొవానా లూనీ అనే ఆవిడకి 2024 నవంబరులో పంది కిడ్నీ పెట్టారనీ, ఆ పందికి పది జన్యుమార్పులు చేశారనీ, అయినా 130 రోజులకి తీసేయాల్సి వచ్చిందనీ ఉంది. అదే పంది, అదే మనిషి. ఏ మార్పూ చేయని పంది వాల్వ్ పన్నెండేళ్లు కుదురుగా కూర్చుంటే, పది మార్పులు చేసిన కిడ్నీ ఐదు నెలలు కూడా ఆగకపోవడం ఏమిటి? ఎక్కడో నాకు లెక్క తప్పుతోంది.

స్లయిడ్_బాక్స్:
లెక్క తప్పలేదు, మీరు పక్కపక్కన పెట్టినవే వేరు. కాలికీ చెప్పుకీ ఉన్నంత తేడా. వాల్వ్‌ని గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనంలో నానబెడతారు, తోలు పదును చేసినట్టే. అందులో బతికున్న కణం ఒక్కటీ మిగలదు. పైగా ఆ రెక్కలకి సొంత రక్తనాళాలు ఉండవు, రక్తం పక్కనుంచి పోతుంది అంతే. కిడ్నీ అలా కాదు. దాన్ని బతికించి తెస్తారు, బతికుంటేనే పని. దాని లోపల ప్రతి సన్న నాళం లోపలి పొరా పంది కణాలే, మన రక్తం ప్రతి క్షణం ఆ కణాలని రాసుకుంటూ వెళ్తుంది. గొడవంతా ఆ పొర దగ్గరే. పాథాలజీలో, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసే పనిలో, పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను, రిజెక్షన్ స్లయిడు చేతికొస్తే నేను ముందు చూసేది కూడా ఆ పొరనే.

పాత_రేడియో:
చెప్పు, కాలు. ఇప్పుడు అర్థమైంది. కానీ ఇది పంది కణం అని మన ఒంటికి ఎవరు చెబుతారు? మా నాన్నగారు జన్మలో పందిని ముట్టుకోలేదు, ఆయన ఒంట్లో పందికి వ్యతిరేకంగా ఏదో ముందే సిద్ధంగా ఎలా ఉంటుంది?

చిట్టెలుక:
అసలు ప్రశ్న ఇదీ! నేను ఇమ్యునాలజీలో రీసెర్చ్ స్కాలర్‌ని, థీసిస్ ఎప్పటికి పూర్తవుతుందో అడక్కండి.

పంది కణాల మీద ఆల్ఫా-గాల్ అనే చక్కెర ఉంటుంది. పందికే కాదు, ఆవుకీ కుక్కకీ ఎలుకకీ కూడా ఉంటుంది. మనకీ, చింపాంజీలకీ, ఆసియా, ఆఫ్రికా కోతులకీ లేదు. దాన్ని తయారుచేసే జన్యువు మన పూర్వీకుల్లో రెండు మూడు కోట్ల ఏళ్ల కిందట పాడైపోయింది, పాడుబడ్డ ఇల్లులా ఇప్పటికీ మన డీఎన్ఏలో పడి ఉంది. ఇంతలో మన పేగుల్లో ఉండే బాక్టీరియా మీద కూడా అలాంటి చక్కెరే ఉంటుంది. పసిపిల్లాడు పుట్టిన కొన్ని నెలలకే పేగులు బాక్టీరియాతో నిండుతాయి, ఒళ్లు ఆ చక్కెరని చూసి ఇది మనది కాదు అని యాంటీబాడీలు తయారుచేయడం మొదలుపెడుతుంది, ఇక చచ్చేదాకా ఆపదు. మన రక్తంలో తిరిగే యాంటీబాడీల్లో దాదాపు నూటికి ఒకటి దానికోసమే. అంటే మీ నాన్నగారు పందిని చూడకపోయినా, పందికి సరిపోయే ఆయుధం ఆయన ఒంట్లో పసితనం నుంచే ఉంది. టీకా వేయకుండానే వేసినట్టు.

ఏ మార్పూ చేయని పంది కిడ్నీకి మనిషి రక్తం ఎక్కిస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. మనిషికి పెట్టలేదు లెండి, ల్యాబులో ట్రే మీద పంపుకి తగిలించి. మొదట రక్తం ఎక్కగానే బూడిదరంగు కిడ్నీ గులాబీ రంగుకి తిరిగింది, చేత్తో నొక్కితే గట్టిగా నిండుగా తగిలింది, మూత్రనాళం చివర ఒక్కో బొట్టు రావడం మొదలైంది. మాలో ఒకడు చప్పట్లు కూడా కొట్టాడు. పది నిమిషాలు గడిచేసరికి పైన అక్కడక్కడా మచ్చలు, దెబ్బ తగిలి కమిలినట్టు. తర్వాత మచ్చలన్నీ కలిసిపోయాయి. పంపులో ప్రెషర్ పెరుగుతోంది, బొట్లు ఆగిపోయాయి. అరగంట దాటేసరికి ట్రేలో ఉన్నది నేరేడుపండు రంగులో ఉబ్బిపోయిన ముద్ద. కోస్తే లోపల గడ్డకట్టిన రక్తమే. దీన్నే హైపర్‌అక్యూట్ రిజెక్షన్ అంటారు. యాంటీబాడీ వెళ్లి ఆ చక్కెరకి అతుక్కుంటుంది, దాని వెనకే కాంప్లిమెంట్ అనే ప్రొటీన్ల దండు వచ్చి కణానికి చిల్లులు పొడుస్తుంది, పొర చిరిగిన చోటల్లా రక్తం గడ్డకడుతుంది. తెల్లరక్తకణాలు నిద్రలేచేలోపే పని అయిపోతుంది.

కొత్తగా_వచ్చా:
అయితే ఆ చక్కెర తీసేస్తే సరిపోతుందిగా?

చిట్టెలుక:
సరిగ్గా అదే చేశారు బ్రదర్. 2002, 2003 ప్రాంతంలో క్లోనింగ్‌తో ఆ జన్యువు లేని పందులు పుట్టాయి. ఆ అరగంట గండం చాలామటుకు గట్టెక్కింది. అప్పుడు తెలిసింది, ఆ గోడ వెనక ఇంకో గోడ ఉందని. ఆల్ఫా-గాల్ పోయాక మన యాంటీబాడీలు పట్టుకునే చక్కెరలు ఇంకో రెండు బయటపడ్డాయి, వాటినీ తీసేశారు. ఇప్పుడు వాడే పందులన్నీ దాదాపు ఈ మూడూ లేనివే. కాంప్లిమెంట్ దండుని ఆపడానికి మన కణాల మీద ఉండే కాపలా ప్రొటీన్లని, సీడీ46, సీడీ55 లాంటివి, పందిలో చేర్చారు.

లెక్కలమాస్టారు:
ఈ గోడ వెనక గోడ కథ నేను ముప్పై ఏళ్లుగా వింటున్నాను. 1906లో ఫ్రాన్సులో జబూలే అనే సర్జన్ పంది కిడ్నీ ఒకరికి, మేక కిడ్నీ ఒకరికి అమర్చాడు, రెండూ పోయాయి. 1964లో జేమ్స్ హార్డీ చింపాంజీ గుండె పెట్టాడు, రెండు గంటలు. 1984లో బేబీ ఫే అనే పసిపాపకి బబూన్ అనే కోతి గుండె, ఇరవై రోజులు. 1992లో స్టార్జల్ బబూన్ లివర్ పెట్టాడు, డెబ్భై రోజులు. 1997లో అస్సాంలో ధనీరాం బరువా పంది గుండె పెట్టానన్నాడు, రోగి వారానికి పోయాడు, ఆయన జైలుకి పోయాడు. ప్రతిసారీ పేపర్లో "చరిత్ర సృష్టించిన" అని హెడ్డింగు. చరిత్రే సృష్టించారు, రోగి మాత్రం మిగల్లేదు. వందేళ్ల ప్రయోగానికి ఫలితం 130 రోజులైతే దాన్ని సైన్సు అనాలా, మొండితనం అనాలా?

స్లయిడ్_బాక్స్:
మాస్టారూ, మీ లిస్టులో అన్నీ ఒకే కారణంతో పోలేదు, అక్కడే మీరు కలగాపులగం చేస్తున్నారు. 1906లో రిజెక్షన్ అనే మాటకి అర్థమే ఎవరికీ సరిగ్గా తెలియదు. బేబీ ఫే బ్లడ్ గ్రూపు ఓ, ఆ బబూన్‌ది ఏబీ. మనిషి నుంచి మనిషికైనా అలా గ్రూపు చూడకుండా గుండె పెడితే గండమే. స్టార్జల్ రోగి పోయింది ప్రధానంగా ఫంగస్ ఇన్ఫెక్షన్ మెదడుకి పాకి, అక్కడ రక్తస్రావమై. లివర్‌లో రిజెక్షన్ పెద్దగా లేదు. రిజెక్షన్‌ని అంత గట్టిగా అణిచారు, దాంతో రోగి ఇన్ఫెక్షన్‌కి దొరికిపోయాడు. ఈ ఆఖరిది గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది.

మీరు మర్చిపోయింది ఒకటుంది. 1963, 64ల్లో కీత్ రీమ్‌ట్స్‌మా చింపాంజీ కిడ్నీలు పదమూడు మందికి పెడితే, అందులో ఒక టీచరమ్మ తొమ్మిది నెలలు బతికింది, తిరిగి ఉద్యోగంలో కూడా చేరింది. ఆ రోజుల్లో దొరికిన మొరటు మందులతోనే.

కొత్తగా_వచ్చా:
చింపాంజీతో తొమ్మిది నెలలు నడిస్తే పందిని ఎందుకు పట్టుకున్నారు మరి? దగ్గరి చుట్టాన్ని వదిలేసి దూరపు చుట్టం ఇంటికి వెళ్లినట్టుంది.

నైట్_షిఫ్ట్:
డయాలసిస్ యూనిట్లో నర్సుని, ఇది నన్ను రోగులు కూడా అడిగారు. చింపాంజీలే అంతరించిపోతున్నాయి. ఒక్కో కాన్పుకి ఒకే పిల్ల, అది ఎదగడానికి ఏళ్లు పడుతుంది. బబూన్ అయితే చిన్నది, దాని గుండె పెద్ద మనిషికి చాలదు. అన్నిటికన్నా ముఖ్యంగా దగ్గరి చుట్టం అంటే దాని జబ్బులు కూడా మనకి దగ్గరే. హెచ్‌ఐవీ చింపాంజీల నుంచే కదా మనుషుల్లోకి వచ్చింది. పంది మూడు నెలల మూడు వారాల మూడు రోజులకి ఈనుతుంది, కాన్పుకి పది దాకా పిల్లలు, ఆరేడు నెలల్లో అవయవాలు మనిషి సైజుకి వచ్చేస్తాయి. వచ్చేసి ఆగవు కూడా, అందుకే కొన్ని పందుల్లో పెరుగుదల హార్మోను అందుకునే జన్యువుని కూడా తీసేస్తున్నారు, లేకపోతే లోపల పెట్టిన గుండె పెరుగుతూనే ఉంటుందట.

పాత_రేడియో:
పెరుగుతూనే ఉండే గుండె! ఈ రాత్రి కూడా నిద్ర లేదు నాకు.

రెండో_కిడ్నీ:
ఈ థ్రెడ్ పొద్దున్నించీ చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. నాది మా అక్క ఇచ్చిన కిడ్నీ, ఎనిమిదేళ్లయింది. సొంత అక్క, గ్రూపు కలిసింది, టిష్యూ మ్యాచింగ్ కూడా బాగానే కలిసింది. అయినా రోజూ పొద్దున తొమ్మిదికీ రాత్రి తొమ్మిదికీ ఫోన్లో అలారం మోగాల్సిందే, టాక్రోలిమస్ అనే రిజెక్షన్ మందు వేసుకోవాల్సిందే. పెళ్లి పందిట్లో ఉన్నా, బస్సులో ఉన్నా. రిజెక్షన్ అంటే చాలామంది ఏదో నొప్పి, జ్వరం, గోల అనుకుంటారు. నాకు మూడో ఏట వచ్చింది. ఏమీ తెలియలేదు. నొప్పి లేదు, వాపు లేదు, ఆకలి మామూలే. రొటీన్ టెస్టులో క్రియాటినిన్ (కిడ్నీ నీరసిస్తే రక్తంలో పెరిగేది) 1.1 ఉండాల్సింది 1.9 వచ్చింది. ల్యాబు తప్పనుకుని మళ్లీ చేయించాను, 2.0. బయాప్సీ చేసి (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసి), మూడు రోజులు సెలైన్లో స్టెరాయిడ్ ఎక్కించారు. తగ్గింది, కానీ 1.4 దగ్గరే ఆగింది, మళ్లీ 1.1కి రాలేదు. ఆ తేడా ఇక నా జీవితమంతా ఉంటుంది.

సొంత అక్క కిడ్నీకే ఇంత ఉంటే, పందికి ఎంత మందు కావాలి? ఎవరూ అది చెప్పరు, జన్యువులు ఎన్ని మార్చారో మాత్రం చెబుతారు.

చిట్టెలుక:
మేడమ్, మీరు అడిగిందే నా థీసిస్. పొద్దున చెప్పింది మొదటి అరగంట సంగతి. అది దాటాక టీ కణాలు అనే తెల్లరక్తకణాలు రంగంలోకి దిగుతాయి, మీకు మూడో ఏట వచ్చింది బహుశా ఆ రకమే. టీ కణం లేవాలంటే రెండు సంకేతాలు కావాలి, లాకరుకి రెండు తాళంచెవులు ఉన్నట్టు. ఒకటి, ఎదుటి కణం పరాయిదని గుర్తుపట్టడం. రెండోది, అవును కొట్టు అని పక్కనుంచి వచ్చే ప్రోత్సాహం. టాక్రోలిమస్ మొదటి తాళంచెవి తిరిగాక లోపల జరిగే పనిని ఆపుతుంది. పంది అవయవానికి ఇది ఒక్కటే చాలదని కోతుల్లో తేలింది. రెండో తాళంచెవిని కూడా ఆపాలి. సీడీ40 అనే దారిని మూసే యాంటీబాడీ మందులు ఆ పనికే. కోతుల్లో ఫలితాలు ఒక్కసారిగా మారింది ఈ మందులతోనే. బబూన్ పొట్టలో అదనంగా అమర్చిన పంది గుండె 945 రోజులు కొట్టుకుంది, అసలు గుండె తీసేసి ఆ స్థానంలో పెట్టింది 195 రోజులు నడిచింది, ఒక కోతిలో పంది కిడ్నీ 758 రోజులు పనిచేసింది.

ఇంకో తలనొప్పి ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇది రిజెక్షన్ కూడా కాదు, భాష కుదరకపోవడం. మన రక్తనాళాల లోపలి పొర మీద థ్రాంబోమాడ్యులిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, రక్తం అనవసరంగా గడ్డకట్టకుండా చూడటం దాని పని. పందికీ అది ఉంది, కానీ పంది థ్రాంబోమాడ్యులిన్ చెప్పేది మన రక్తంలోని ప్రొటీన్లకి సరిగా అర్థం కాదు. ఎవరూ దాడి చేయకపోయినా లోపల చిన్న చిన్న గడ్డలు కడతాయి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అందుకని మనిషి థ్రాంబోమాడ్యులిన్ జన్యువుని పందిలో పెట్టారు. అలాగే సీడీ47 అని ఒకటి, నేను మనవాణ్ణే, నన్ను తినొద్దు అని కణం పట్టుకునే బోర్డు లాంటిది. పంది బోర్డుని మన మాక్రోఫేజ్, అంటే పరాయి కణాల్ని మింగే తెల్లకణం, సరిగా చదవలేదు, మింగేస్తుంది. కాబట్టి మనిషి బోర్డు తగిలించారు. పాత_రేడియో గారూ, మీరు చెప్పిన పది మార్పులు ఇవే. నాలుగు పంది జన్యువులు తీసేశారు, ఆరు మనిషి జన్యువులు చేర్చారు.

లెక్కలమాస్టారు:
సరే, మందులూ వచ్చాయి, జన్యువులూ మారాయి. బతికున్న మనుషుల మాట చెప్పండి, కోతులు చాలు. డేవిడ్ బెన్నెట్, 2022 జనవరి, పంది గుండె, రెండు నెలలు. లారెన్స్ ఫాసెట్, 2023 సెప్టెంబరు, పంది గుండె, దాదాపు ఆరు వారాలు. రిచర్డ్ స్లేమన్, 2024 మార్చి, పంది కిడ్నీ, రెండు నెలలు కూడా నిండలేదు. లూనీ గారు 130 రోజులు. టిమ్ ఆండ్రూస్ 2025 జనవరిలో పెట్టించుకుంటే 271 రోజులకి తీసేశారు. ఇదే కదా స్కోరు?

స్లయిడ్_బాక్స్:
స్కోరు కరెక్టే. కానీ పాథాలజీ వాళ్లం ఎన్నాళ్లు అని అడిగి ఊరుకోం, ఎందువల్ల అని కూడా అడుగుతాం.

బెన్నెట్ గుండెలో పంది సైటోమెగాలో వైరస్ బయటపడింది. ముందు చేసిన టెస్టులకి దొరకలేదు, పంది ఒంట్లో అణిగి ఉండి తర్వాత లేచింది. ఇంకో మెలిక చూడండి, ఇన్ఫెక్షన్లకని ఆయనకి ఇచ్చిన ఇమ్యునోగ్లోబ్యులిన్ అంటే వేలమంది రక్తం నుంచి తీసిన యాంటీబాడీల కలగలుపు, అందులో పందిని పట్టుకునేవీ ఉంటాయి. అవి కూడా గుండెని దెబ్బతీసి ఉండొచ్చని ఆ డాక్టర్లే రాశారు. కాపాడదామని ఎక్కించిన సీసాలోనే శత్రువు. ఫాసెట్‌ది మాత్రం రిజెక్షనే. స్లేమన్‌కి ఎనిమిదో రోజునే టీ కణాల రిజెక్షన్ వచ్చింది, మందులకి లొంగింది. ఆయన పోయింది ఎప్పటినుంచో ఉన్న గుండెజబ్బుతో, కిడ్నీలో రిజెక్షన్ కనిపించలేదు. లూనీ గారికి వేరే ఇన్ఫెక్షన్ వచ్చిందని రిజెక్షన్ మందులు తగ్గించారు, తగ్గించగానే ఒళ్లు కిడ్నీ మీద పడింది. పొద్దున స్టార్జల్ రోగి గురించి గుర్తుపెట్టుకోమన్నాను కదా. అదే ఇది, తిరగేసి. మందు పెంచితే ఇన్ఫెక్షన్, తగ్గిస్తే రిజెక్షన్. మధ్యలో నిలబడే చోటు పంది అవయవానికి చాలా ఇరుకు, అక్క కిడ్నీకి కొంచెం వెడల్పు, అంతే తేడా.

రెండో_కిడ్నీ:
కొంచెమే మేడమ్. కొంచెమే వెడల్పు.

వైరస్ అన్నారు కాబట్టి అడుగుతున్నా, పంది వైరస్ మనిషిలో పడి ఊరంతా పాకే భయం లేదా?

చిట్టెలుక:
సైటోమెగాలోవైరస్ మనిషి కణాల్లోకి ఎక్కదనే అంటున్నారు, పెట్టిన అవయవాన్నే పాడుచేస్తుంది. అసలు భయం పెర్వ్ అనే వాటితో. అవి పంది డీఎన్ఏలోనే కలిసిపోయిన వైరస్‌లు, కడిగితే పోయేవి కావు. 1997లో ల్యాబులో అవి మనిషి కణాలకి సోకగలవని చూపించాక ఈ రంగమే కొన్నేళ్లు చల్లబడిపోయింది. నాకు తెలిసినంతలో రోగి ఎవరికీ సోకినట్టు తేలలేదు. స్లేమన్‌కి పెట్టిన కిడ్నీ ఇచ్చిన పందిలో మొత్తం 69 మార్పులు, అందులో 59 ఈ పెర్వ్‌లని చంపడానికే. 69 అన్న అంకె చూసి కొందరు అదేదో 10 కన్నా ఏడు రెట్లు గొప్ప అనుకుంటారు. కాదు. రిజెక్షన్‌కి సంబంధించినంతవరకు ఆ రెండు పందులూ దాదాపు ఒకే దారిలో ఉన్నాయి.

నిర్వాహకుడు:
మధ్యలో మూడు పోస్టులు తీసేశాం. పంది తినడం, తినకపోవడం, ఎవరి మతం ఏమంటుంది అన్నది ఈ చర్చ కాదు. దయచేసి విషయం మీదే ఉండండి.

లెక్కలమాస్టారు:
నా పోస్టు తీయలేదు కదా? సంతోషం. ఒక్కటి ఒప్పుకుంటాను, కారణాలు వేరువేరని నాకు తెలియదు. కానీ మొదటి అరగంట సమస్య తీరిపోయిందంటున్నారు, టీ కణాలకి మందు ఉందంటున్నారు. ఇంకా ఏం మిగిలింది అసలు?

స్లయిడ్_బాక్స్:
యాంటీబాడీలే మిగిలాయి. పాతవి కావు, కొత్తగా పుట్టేవి. మూడు చక్కెరలూ తీసేసినా పంది కణం మీద పంది ప్రొటీన్లు చాలానే ఉంటాయి. వారాలు గడిచేకొద్దీ ఒళ్లు వాటిని నేర్చుకుంటుంది, వాటికి కొలత తీసుకుని యాంటీబాడీలు కుడుతుంది. 2023లో బ్రెయిన్ డెడ్ అయిన ఒక వ్యక్తికి కుటుంబం ఒప్పుకుంటే పంది కిడ్నీ పెట్టి 61 రోజులు చూశారు. అంతకుముందు 2021లో చేసినప్పుడు 54 గంటలే చూశారు, అందులో హైపర్‌అక్యూట్ రాలేదని తప్ప ఏమీ తెలియదు. ఈ 61 రోజుల్లో ముప్పై మూడో రోజు దగ్గర యాంటీబాడీల రిజెక్షన్ పట్టుకుంది, ప్లాస్మా మార్చి, కాంప్లిమెంట్‌ని ఆపి, టీ కణాల మందు ఇచ్చి వెనక్కి తిప్పారు. వెనక్కి తిరిగిందన్నదే నాకు పెద్ద వార్త. హైపర్‌అక్యూట్‌కి వెనక్కి తిరగడం ఉండదు.

స్లయిడు మీద ఇది ఎలా ఉంటుందో చెబుతాను. నేను చూసినవి మనిషి కిడ్నీలవే, చూడాల్సిన గుర్తులు మాత్రం ఇవే. మామూలు కిడ్నీలో సన్న నాళాలు దారప్పోగుల్లా కనీ కనిపించకుండా ఉంటాయి. యాంటీబాడీల రిజెక్షన్‌లో అవి ఉబ్బి, లోపల నీలం చుక్కల్లా తెల్లకణాలు వరసకట్టి ఉంటాయి, గొట్టంలో ఇరుక్కున్న మినుముల్లా. సీ4డీ అనే రంగు వేస్తే నాళాల అంచులన్నీ గోధుమరంగు గీతతో చుట్టినట్టు తేలతాయి, కాంప్లిమెంట్ అక్కడికి వచ్చి వెళ్లిందని దాని సంతకం. రెండో_కిడ్నీ గారికి 1.9 వచ్చినప్పుడు బయాప్సీ చూసినవాళ్లు ముందు వెతికింది ఈ గీతనే అయ్యుంటుంది. లేదు కాబట్టే స్టెరాయిడ్‌తో సరిపెట్టి ఉంటారు.

రెండో_కిడ్నీ:
రిపోర్టు తీసి చూశాను. "సీ4డీ నెగెటివ్" అని ఉంది. ఐదేళ్లుగా ఫైల్లో ఉంది ఈ ముక్క, ఏమిటో తెలియదు.

చిట్టెలుక:
ఇంకో చిక్కు, నా గైడు రోజూ చెప్పే మాట. మూడో చక్కెర మనకి లేదు, చింపాంజీలకి ఉంది, బబూన్లకీ ఉంది. మనకోసమని ఆ చక్కెర తీసేసిన పంది అవయవాన్ని బబూన్‌కి పెడితే, చక్కెర పోయిన చోట కొత్తగా బయటపడ్డదాన్ని బబూన్ యాంటీబాడీలు పట్టుకుంటాయి. మనిషికి బాగా నప్పే పంది బబూన్‌కి నప్పదు. కాబట్టి కోతుల్లో 758 రోజులు వచ్చిందంటే మనిషిలో అంతకన్నా ఎక్కువ రావచ్చు, తక్కువా రావచ్చు. మనుషుల్లో వరసగా చూస్తే తప్ప తేలదు. 2025 ఫిబ్రవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మొదటి సరైన ట్రయల్‌కి ఒప్పుకుంది, ముందు ఆరుగురు, అంతా సవ్యంగా ఉంటే యాభై మంది దాకా. అంతకుముందు జరిగినవన్నీ ఎక్కువగా ఇక దారి లేనివాళ్లకి ఒక్కొక్కరికీ ప్రత్యేకంగా అనుమతి తీసుకుని చేసినవి. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల మీద వచ్చిన స్కోరుతో మాస్టారు మార్కులేస్తే ఎలా?

లెక్కలమాస్టారు:
సరే బాబూ, మార్కులు ఆపుతాను. పేపరు దిద్దడం మాత్రం ఆపను. "విజయవంతం" అన్న మాట ఆపరేషన్ అయిన మర్నాడు వాడకూడదు, ఏడాది తర్వాత వాడాలి. ఇది నా ఏకైక డిమాండు.

నైట్_షిఫ్ట్:
మాస్టారూ, మా యూనిట్లో వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు సూదులు గుచ్చించుకుని పడుకునేవాళ్లని ఒకసారి అడిగి చూడండి. లూనీ గారు 1999లో వాళ్లమ్మకి ఒక కిడ్నీ ఇచ్చేశారు, తర్వాత మిగిలినది పాడైంది, ఒంట్లో యాంటీబాడీలు ఎక్కువైపోయి మనిషి కిడ్నీ ఏదీ నప్పని పరిస్థితి, ఎనిమిదేళ్లు డయాలసిస్. అలాంటి మనిషికి 130 రోజులు మెషిన్ లేకుండా గడిచాయి. మీకు అది చిన్న అంకెలా కనిపిస్తోంది. వారానికి మూడు చొప్పున వేసుకోండి, ఎన్నిసార్లు సూది తప్పిందో.

కొత్తగా_వచ్చా:
యాభై అయిదు సార్లు. పైచిలుకు.

రెండో_కిడ్నీ:
నాకొక్క సందేహం మిగిలింది, నిజానికి దీనికోసమే రాశాను. అక్క కిడ్నీ ఎప్పుడో ఒకప్పుడు అలసిపోతుంది. అప్పుడు పంది కిడ్నీ పెట్టించుకుని అదీ పోతే, ఆ యాంటీబాడీల వల్ల తర్వాత మనిషి కిడ్నీ వచ్చినా పనికిరాకుండా పోతుందా?

చిట్టెలుక:
జంతువుల్లో చూసినదాన్నిబట్టి పందికి పుట్టిన యాంటీబాడీలు ఎక్కువగా పంది మీదే పడతాయి, మనిషి కిడ్నీకి దారి మూసుకుపోదు. కాకపోతే దీనికి తిరగేసిన సమస్య ఉంది మేడమ్. మనిషి టిష్యూకి వ్యతిరేకంగా ఇప్పటికే యాంటీబాడీలు ఉన్న కొంతమందిలో, అవి పంది టిష్యూని కూడా పట్టుకోవచ్చు, ఎందుకంటే ఆ రెండు ప్రొటీన్ కుటుంబాలకీ పోలికలున్నాయి. కాబట్టి మీ రక్తాన్ని ఆ పంది కణాలతో కలిపి చూశాకే ఎవరైనా ఏదైనా చెప్పగలరు. క్రాస్‌మ్యాచ్ అంటారు, మీకు మీ అక్కతో చేసినట్టే.

రెండో_కిడ్నీ:
క్రాస్‌మ్యాచ్ గుర్తుంది. ఆ రిపోర్టు కోసం అక్కా నేనూ ల్యాబు బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నాం. పంది ఆ బెంచీ మీద కూర్చోదు, అదొక్కటే తేడా.

పాత_రేడియో:
నా ప్రశ్న ఎక్కడికో వెళ్లింది, మంచిదే. చివరగా ఒకటి. నాన్నగారి వాల్వ్ గట్టిపడుతోందని పోయినసారి ఎకోలో అన్నారు, కాల్షియం చేరుతోందట. అది కూడా రిజెక్షనేనా? చచ్చిన తోలుని కూడా ఒళ్లు వదలదా?

స్లయిడ్_బాక్స్:
ఇది అడుగుతారని ఎదురుచూస్తున్నాను. కణాలు చచ్చిపోయినా ఆల్ఫా-గాల్ చక్కెర ఆ తోలు మీద కొంత మిగిలే ఉంటుంది. వాల్వ్ వేశాక రోగుల్లో దానికి వ్యతిరేకమైన యాంటీబాడీలు పెరుగుతాయని కొలిచి చూశారు. కాల్షియం చేరడంలో దానికీ ఒక చెయ్యి ఉందని గట్టి అనుమానం. అదొక్కటే కారణం కాదు, గ్లుటరాల్డిహైడ్ కూడా కాల్షియాన్ని పిలుస్తుంది, రెక్కలు రోజుకి లక్షసార్లు ముడుచుకుని విప్పుకోవడం వల్ల అరుగుదలా ఉంటుంది. పడుచువాళ్లలో త్వరగా గట్టిపడుతుంది, పెద్దవయసులో నెమ్మదిగా. పన్నెండేళ్లు వచ్చిందంటే బాగానే నడిచింది. పాతదాని లోపలే కొత్త వాల్వ్‌ని తొడనాళం గుండా పంపి విప్పే పద్ధతి ఉంది, ఛాతీ తెరవక్కర్లేదు. ఆయనకి అది కుదురుతుందో లేదో ఎకో, సీటీ చూసిన కార్డియాలజిస్టే చెప్పాలి. ఆయాసం పెరుగుతోందా అన్నది మాత్రం ఇంట్లో మీరు కనిపెట్టండి, మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగుతున్నారేమో చూడండి.

పాత_రేడియో:
థ్యాంక్స్ మేడమ్. థ్రెడ్ మొత్తం రాత్రి ఆయనకి చదివి వినిపించాను. నేరేడుపండు రంగు దగ్గర ముఖం చిట్లించారు, మిగతాదంతా కళ్లు మూసుకుని విన్నారు. చివర్లో "అయితే ఇన్నాళ్లూ గుండెలో చెప్పుతోలు పెట్టుకు తిరిగానన్నమాట" అన్నారు. మెట్ల మాట అడిగితే మాట మార్చారు. ఎకో గురువారం.